అడగనిదే అమ్మైనా పెట్టదు, ఐఎస్‌డీ ఎందుకు పెడుతుంది?

2022 ఏప్రిల్లో మా అత్తయ్య నరసరావుపేట నుంచి డల్లాస్ వచ్చారు. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు. అన్నిటికీ అడుగున పాత చీర ముక్కలో చుట్టిన వసకొమ్ము. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, గంధం సాన మీద నాలుగు నీటి చుక్కలు వేసి దాన్ని అరగదీసి, తేనెలో రంగరించి మా చిన్నాడి నాలిక మీద రాశారు. వాడికప్పుడు రెండేళ్ళ ఒక నెల. అమ్మ అనడు, నాన్న అనడు, తాత అనడు. గలగలా వాగే పిల్లల్ని వసపిట్ట అంటాం కదా, వాణ్ణి వసపిట్టని చేసి గానీ తిరుగు విమానం ఎక్కనని ఆవిడ పట్టుదల.

"అమ్మాయ్, నువ్వూరికే కంగారు పడకు. వాళ్ళ నాన్నకీ నాలుగో ఏడు దాకా మాట రాలేదు. ఇప్పుడు చూడు, ఆఫీసు ఫోనులో ఎలా దంచేస్తాడో" అనేవారు.

వసని ఆహార పదార్థాల్లో కలపడాన్ని అమెరికా 1968లోనే నిషేధించిందని తర్వాత ఎక్కడో చదివాను. ఆ మాట ఆవిడతో అనలేక, కొమ్ము ఎక్కడో పోయిందని అబద్ధం ఆడాను.

అయినా ఆవిణ్ణి చూసి నవ్వే హక్కు నాకు లేదు. అంతకు ఆరు నెలల ముందు, పద్దెనిమిదో నెల చెకప్‌లో, పిల్లల డాక్టరు దగ్గర క్లిప్‌బోర్డుకి పెట్టి ఒక ఫారం ఇచ్చారు. దాన్ని ఎం-చాట్ అంటారు, పసిపిల్లల్లో ఆటిజం ఛాయలున్నాయేమో చూసేది. 20 ప్రశ్నలు, అవును లేదా కాదు అని టిక్కు పెట్టాలి. గదిలో అటు చివర ఉన్న వస్తువుని మీరు వేలితో చూపిస్తే మీ పిల్లవాడు అటు చూస్తాడా? నా పెన్ను 'కాదు' మీద కాసేపు ఆగింది. ఎప్పుడో ఒకసారి ఫ్యాన్ చూపిస్తే చూశాడుగా అనుకుని 'అవును' మీద టిక్కు పెట్టాను. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? నాలుగోసారికి తల తిప్పుతాడు, అది కూడా పలకడమే కదా. అవును. చిన్నప్పుడు పరీక్షల్లో కూడా కాపీ కొట్టనిదాన్ని, ఆ రోజు నా కొడుకు పరీక్షలో కొట్టాను. వాడు పాసయ్యాడు. ఆరు నెలలు పోయాయి.

ఎందుకలా చేశానంటే, మా ఊళ్ళో ఒక అరుగు ఉండేది. రామాలయం పక్కింటి అరుగు. దాని మీద ఒకతను పొద్దుట్నుంచి దీపాలవేళ దాకా కూర్చునుండేవాడు. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో ఒక తాడు ముక్క, దాన్ని వేళ్ళకి చుట్టడం, విప్పడం. ఊరంతా మూగోడనే పిలిచేది, అసలు పేరేమిటో మా పిల్లలెవరికీ తెలియదు. చెవులు మాత్రం శుభ్రంగా వినపడేవి. సినిమా రిక్షా మైకు ఊరి చివర ఉండగానే మా అందరికంటే ముందు లేచి నిలబడేవాడు. బడి మొహం చూడలేదు. వాళ్ళింట్లో పెళ్ళిచూపులుంటే వాళ్ళమ్మ అతన్ని పెరట్లోకి పంపేసేది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు మరి. ఎం-చాట్ ఫారం మీద పెన్ను ఆగినప్పుడు నాకు కనపడింది ఆ అరుగే.

నేను ఆ అరుగు ముందు తొక్కుడుబిళ్ళ ఆడుకునే నాటికి, ఇప్పుడు నేనుంటున్న దేశంలో చట్టం వచ్చి పదిహేనేళ్ళు దాటింది. అంతకుముందు ఇక్కడా అరుగులే. మీ పిల్లవాడు మా బడికి పనికిరాడని చాలా రాష్ట్రాల్లో స్కూళ్ళు మొహం మీదే చెప్పేవి. పెన్సిల్వేనియాలో, వాషింగ్టన్ డీసీలో తల్లిదండ్రులు కోర్టుకెళ్ళి 1972 నాటికి గెలిచారు. ఆ ఊపులో 1975 నవంబరు 29న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పెట్టిన చట్టాన్నే ఇప్పుడు ఐడియా అంటున్నారు. వైకల్యం ఏదైనా సరే, ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, వాడికి తగిన చదువు ప్రభుత్వ బడే చెప్పాలి. 1986లో దాన్ని పొత్తిళ్ళ పిల్లల దాకా దించారు. పుట్టినప్పట్నుంచి మూడేళ్ళ దాకా ఒక పద్ధతి, మూడు నిండిన రోజు నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్ బాధ్యత. ప్రభుత్వ బళ్ళని నడిపే ఆ డిస్ట్రిక్ట్‌నే టెక్సస్‌లో ఐఎస్‌డీ అంటారు. మన దగ్గరా ఇప్పుడు లేదని కాదు. 2009 విద్యాహక్కు చట్టం, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నాయి, మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్‌లో 1984 నుంచీ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థే ఉంది. అరుగు మీద అతనికి అవేవీ అందలేదు, అంతే.

ఐడియాలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క, అన్నిటికంటే ఒళ్ళు మండించిన ముక్క ఒకటే. దాన్ని చైల్డ్ ఫైండ్ అంటారు. సహాయం అవసరమైన పిల్లల్ని వెతికి పట్టుకోవాల్సిన బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. అడగనిదే అమ్మైనా పెట్టదంటాం మనం. ఈ చట్టం ప్రకారం అడక్కుండానే పెట్టాలి. వినడానికి ఎంత బావుంది! ఇక టెక్సస్‌లో ఏం జరిగిందో చూడండి. 2004లో రాష్ట్ర విద్యా ఏజెన్సీ డిస్ట్రిక్టుల పనితీరు కొలిచే పట్టికలో 8.5 శాతం అని ఒక అంకె పెట్టింది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లలు అంతకు మించితే ఆ డిస్ట్రిక్ట్‌కి మార్కులు తగ్గుతాయి. దేశం సగటు చూస్తే అప్పట్లో 13 శాతం దగ్గర ఉండేది. డిస్ట్రిక్టులకి సంగతి అర్థమైంది. వెతకడం మానేసి, వచ్చినవాళ్ళని కూడా వాయిదాలేసి పంపడం మొదలుపెట్టాయి. పన్నెండేళ్ళు ఇలాగే నడిచాక 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది. 2017లో రాష్ట్ర శాసనసభ ఆ అంకెని నిషేధించింది. 2018 జనవరిలో ఇది చట్టాన్ని ఉల్లంఘించడమేనని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. అంకె పోయింది గానీ అలవాటు ఒక్కరోజులో పోదు. "కొన్నాళ్ళు చూద్దాం" అనే మాట ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. ముందు క్లాసులో ఇంకో పద్ధతి ప్రయత్నిస్తాం, తర్వాత పరీక్షిస్తాం అని పరీక్షని వెనక్కి నెట్టడానికి వీల్లేదని ఫెడరల్ ఆఫీసు 2011లోనే రాతపూర్వకంగా చెప్పింది. ఆ సంగతి తెలిసిన తల్లికి ఒక జవాబు, తెలియని తల్లికి ఇంకో జవాబు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. ఈ పిల్లల చదువుకయ్యే అదనపు ఖర్చు కోసం ఒక్కో విద్యార్థి మీద పెట్టే సగటు ఖర్చులో 40 శాతం దాకా తామిస్తామని వాషింగ్టన్ 1975లో మాటిచ్చింది. మామూలు బడ్జెట్లో అందులో సగం కూడా ఎన్నడూ ఇవ్వలేదు. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ ఉద్యోగుల్నే దాదాపు సగానికి కోసేశారు. చట్టం అలాగే ఉంది, కాపలా పలచబడింది. కాబట్టి మీ ఎదురుగా కూర్చున్న డిస్ట్రిక్ట్ మనిషి చెడ్డావిడ అనుకోకండి, బహుశా మంచావిడే. ఆవిడ దగ్గర బడ్జెట్టూ, క్యాలెండరూ ఉంటాయి, జాబితాలో అరవైమంది పిల్లలుంటారు.

మా కథకి వస్తాను. రెండేళ్ళ చెకప్‌లో ఫారం నిజాయితీగా నింపాను. డాక్టరు ఈసీఐకి రాశారు. టెక్సస్‌లో మూడేళ్ళ లోపు పిల్లల్ని చూసుకునేది వాళ్ళే. కబురు అందిన 45 రోజుల్లో పరీక్షించి, ప్లాన్ రాసి, మీటింగ్ పెట్టాలి. మా విషయంలో అంతా పద్ధతిగానే జరిగింది. కానీ ఆ మధ్యలో ఒక పొరపాటు చేశాం. తెలిసిన ఒక డాక్టరుగారు, మా డేకేర్ ఆవిడా ఒకే సలహా ఇచ్చారు. "రెండు భాషలతో పిల్లవాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి." సరేనని మాట్లాడాం. పొద్దున్న ఆరింటికి నిద్రమొహంతో నా ఇంగ్లీషు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 'మిల్క్', 'కమ్', 'నో నో', అక్కడితో సరుకు అయిపోయేది. జోలపాట ఆగింది, చందమామ రావడం ఆగింది. ఇంగ్లీషు రాని మా అత్తయ్య మనవడితో మాట్లాడటమే మానేశారు. పక్కన కూర్చుని వీపు నిమిరేవారు, అంతే. అసలే మాట్లాడని పిల్లాడు. వాడితో మాట్లాడేవాళ్ళని కూడా తగ్గించాం.

జూన్లో ఈసీఐ స్పీచ్ థెరపిస్ట్ ఇంటికొచ్చింది. బొమ్మల సంచీ తెస్తుందనుకున్నాం. ఖాళీ చేతుల్తో వచ్చి కార్పెట్ మీద కూర్చుంది. వీడికేమిష్టం అని అడిగింది. స్టీలు డబ్బాలు, చేగోడీలు అన్నాను. ఒక చిన్న స్టీలు డబ్బాలో రెండు చేగోడీలు వేసి, మూత గట్టిగా బిగించి వాడి చేతికిచ్చింది. వాడు లాగాడు, నేలకేసి కొట్టాడు, నా మీదికి విసిరాడు. నేను తీసిచ్చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆగు అంది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. కాసేపటికి వాడు డబ్బా తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నా వైపు తిరిగి "మీ భాషలో దీన్నేమంటారు?" అంది. 'తియ్యి' అన్నాను. "టియ్యి" అని మూత తీసింది.

అప్పుడే ఇంగ్లీషు సలహా సంగతి చెప్పాను. మీకు ఏ భాషలో పాటలు వస్తాయో, ఏ భాషలో కోపం వస్తుందో, ఆ భాషలోనే మాట్లాడండి అంది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం ఎక్కువవుతుందని ఇప్పటిదాకా పరిశోధనల్లో తేలలేదనీ, ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా తేలలేదనీ చెప్పింది. మా అత్తయ్యకి ఇది అనువదించి చెబితే వెంటనే ఏమీ అనలేదు. వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చి, చేగోడీల డబ్బా చేతిలోకి తీసుకుని మనవడి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మూడు వారాలకి వాడు "తీ" అన్నాడు. ఆ ఘనత వసకొమ్ముదేనని ఆవిడ ఇప్పటికీ నరసరావుపేటలో చెబుతూనే ఉన్నారట.

మూడో పుట్టినరోజు 2023 మార్చిలో. అంతకు కనీసం 90 రోజుల ముందు ఈసీఐ, స్కూల్ డిస్ట్రిక్ట్ కలిసి బదిలీ మీటింగ్ పెట్టాలి. పుట్టినరోజు నాటికి ఐఈపీ సిద్ధంగా ఉండాలి. ఐఈపీ అంటే ఆ పిల్లవాడి ఒక్కడి కోసం రాసే చదువు ప్లాను. మూడేళ్ళు నిండిన రోజు నుంచి ఈసీఐ వాళ్ళు రారు. చట్టాన్ని కాగితం మీద చూస్తే ఒక చెయ్యి వదిలేలోపు ఇంకో చెయ్యి పట్టుకుంటుంది. మనకి తెలియకపోతే మధ్యలో గాల్లో ఉంటాం.

డిస్ట్రిక్ట్ పరీక్ష ఫిబ్రవరిలో. చిన్న గది, చిన్న కుర్చీలు. నన్ను వెనక కూర్చోమని, పిల్లవాడికి అందించొద్దని చెప్పారు. ఆవిడ బొమ్మల పుస్తకం తిప్పుతూ అడుగుతోంది. పక్షి బొమ్మ. మా వాడు చెయ్యి ఊపుతూ "పిట్ట" అన్నాడు. స్పష్టంగా, రెండు అక్షరాలూ. ఆవిడ ఏదో రాసుకుని పేజీ తిప్పింది. గ్లాసు బొమ్మ. "నీ" అన్నాడు, నీళ్ళకి వాడి మాట అది. పేజీ తిరిగింది. రిపోర్టు వచ్చాక చూస్తే, పదాల దగ్గర తొమ్మిదే. కింద ఒక వాక్యం, అర్థం కాని శబ్దాలు చేస్తున్నాడని. వాడు చెప్పిన ఇరవై మాటల్లో పదకొండు తెలుగు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు ప్రతి ఒక్కటీ వినపడింది. నోరెత్తలేదు. టీచరు పని చేసుకుంటుంటే మధ్యలో మాట్లాడకూడదని మనకి ఒకటో క్లాసులోనే నేర్పుతారు కదా.

చట్టం ఆ విషయంలో నా పక్కే ఉందని నాకు తెలియదు. బొత్తిగా వీలుకాని పరిస్థితి అయితే తప్ప, పిల్లవాడిని వాడి మాతృభాషలోనే పరీక్షించాలి. ఇంగ్లీషు రాకపోవడమే అసలు కారణమైనప్పుడు వైకల్యమని ముద్ర వేయకూడదు. మా వాడికి ఆలస్యం నిజమే, అందులో నాకే సందేహం లేదు. కానీ ఎంత ఆలస్యమో, ఏ మెట్టు దగ్గర ఆగాడో తెలియాలంటే వాడికొచ్చిన పదకొండు మాటలూ లెక్కలోకి రావాలిగా.

తర్వాత ఆర్డ్ మీటింగ్. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనేదాన్ని టెక్సస్‌లో ఆర్డ్ అంటారు. కోడిగుడ్డు ఆకారం టేబుల్. అటువైపు ఆరుగురు, ఇటు మేమిద్దరం. స్పీచ్ థెరపిస్ట్, సైకాలజిస్ట్, ఇద్దరు టీచర్లు, అడ్మినిస్ట్రేటర్, ఇంకొకావిడ ఎవరో నాకిప్పటికీ తెలియదు. ముప్పై పేజీల పైన ఉన్న కాగితాల్ని స్క్రీన్ మీద వేగంగా తిప్పుతూ చదివారు. వారానికి ముప్పై నిమిషాలు స్పీచ్, అదీ గుంపులో. ఎనీ క్వశ్చన్స్? నో, థాంక్యూ సో మచ్. ఇంటి లోన్ వడ్డీలో పావు శాతం కోసం మూడు బ్యాంకులతో వారం రోజులు కొట్లాడిన మా ఆయన, ఆ రోజు గంగిరెద్దులా తలూపి సంతకం పెట్టారు. పక్కనే నేనూ పెట్టాను. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక "బాగానే చూసుకునేలా ఉన్నారు" అనుకున్నాం. ఒప్పుకోకపోతే పది స్కూలు రోజుల్లోపు మళ్ళీ కూర్చోవచ్చని, వెంట మనకి కావలసినవాళ్ళని తెచ్చుకోవచ్చని, దుబాసీని అడగొచ్చని, డిస్ట్రిక్ట్ పరీక్ష నచ్చకపోతే వాళ్ళ ఖర్చుతోనే బయట పరీక్ష అడగొచ్చని మాకెవరూ చెప్పలేదు. కాదు, చెప్పారు. హక్కుల పుస్తకం ఇచ్చారు. చిన్న అక్షరాల్లో పొడుగాటి పుస్తకం. అది ఇచ్చినట్టు సంతకం కూడా పెట్టించుకున్నారు.

ఇక ఈ వ్యాసం అసలు దేనికోసం రాస్తున్నానో ఆ సంగతి.

మూడేళ్ళ పిల్లల ప్రత్యేక తరగతి మా డిస్ట్రిక్ట్‌లో అన్ని స్కూళ్ళలో ఉండదు, కొన్నిట్లోనే. మాది ఇంటికి నాలుగు మైళ్ళు. రెండో వారంలో పికప్ లైన్‌లో నా ముందు కారు దిగిన మనిషిని చూసి గుర్తుపట్టాను. మా వీధికి రెండు వీధుల అవతల ఉండే అక్క. ప్రతి శ్రావణమాసం వాళ్ళింటికి పేరంటానికి వెళ్తాను. కిందటేడు సత్యనారాయణ వ్రతానికి వాళ్ళ చిన్నబ్బాయి కనపడకపోతే "జ్వరం, పైన పడుకున్నాడు" అన్నారు. ఏదో ప్రైవేట్ ప్రీస్కూల్‌కి వెళ్తాడని చెప్పేవారు. ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆవిడ అదే తలుపులోంచి బయటికొచ్చారు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆవిడ ఫోను తీసి చూసుకున్నారు. నేనూ ఫోను తీశాను.

మూడు వారాలు అలాగే, ఒకరికొకరు కనపడనట్టు. చివరికి ఆవిడే మా ఇంటికొచ్చారు, చేతిలో మూడు రింగుల లావుపాటి ఫైలు. "చెల్లీ, ఇందులో అన్నీ ఉన్నాయి. నేను రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నాను, నువ్వు రెండు రోజుల్లో చదువుకో" అన్నారు. అందులో తారీఖుల వారీగా ఈమెయిళ్ళున్నాయి. నోటితో అడిగిందేదీ అడిగినట్టు లెక్కలోకి రాదని ఆవిడ నేర్చుకున్న మొదటి పాఠం. టెక్సస్‌లో పరీక్ష కావాలని రాసిస్తే పదిహేను స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వాలి. మనం ఒప్పుకుని సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి.

ఆ ఫైలు ఆరు నెలల ముందు నా చేతిలో ఉంటే పిట్ట మాట పోయేది కాదు. ఆవిడ మీద కోపం వచ్చింది, దాచను. తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే ఈసీఐ మనిషి ఇంటికొచ్చే రోజుల్లో ఎవరైనా బెల్ కొడితే "బేబీసిట్టర్ వచ్చింది" అని చెప్పిన మనిషిని నేనే.

మన వాట్సాప్ గ్రూపులు మీకు తెలుసు. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ స్లాటు తెరుచుకుంటే పది నిమిషాల్లో నాలుగొందల మందికి తెలుస్తుంది. ఏ కౌంటీలో ఇంటి పన్నుకి ఎలా ప్రొటెస్ట్ చెయ్యాలో స్క్రీన్‌షాట్లతో పెడతారు. గోంగూర ఏ కొట్లో తాజాగా దిగిందో తెలుస్తుంది. మన పిల్లల్లో ఎంతమంది ఐఈపీతో చదువుతున్నారో మాత్రం పక్కింటికి తెలియదు. ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికొకరు ఆటిజంతో ఉన్నారు. ఒకప్పుడు ఆ లెక్కల్లో తెల్లపిల్లలే ఎక్కువ కనపడేవారు. 2023 నివేదికలో మొదటిసారి నల్లజాతి, హిస్పానిక్, ఆసియా పిల్లల శాతం తెల్లవాళ్ళని దాటింది. మనవాళ్ళకి కొత్తగా వచ్చిందని కాదు దీనర్థం, అప్పటిదాకా మన పిల్లలు లెక్కకి ఎక్కలేదని. అలాంటప్పుడు ఐదువందల మంది దసరా పార్టీలో ఒక్క ఇంట్లో కూడా ఈ ముచ్చట లేదంటే నేను నమ్మను.

ఇంటిగుట్టు లంకకు చేటని సామెత. కానీ ఇక్కడ గుట్టు దాచితేనే చేటు. డిస్ట్రిక్ట్‌తో గెలిచిన ప్రతి తెలుగు తల్లీ తన ఫైలుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, తర్వాతి తల్లి మళ్ళీ అఆల దగ్గర మొదలుపెడుతుంది. డిస్ట్రిక్ట్‌కి ఇంతకంటే సౌకర్యం ఇంకేం కావాలి? ఒక తెలుగు దుబాసీని ముగ్గురు అడిగితే విధిలేక ఒక ఏర్పాటు చేస్తారు. ఏడాదికొకరు అడిగితే ప్రతిసారీ "ఇలా ఎవరూ అడగలేదే" అంటారు. నాతోనూ అన్నారు.

దాచడానికి కారణాలు నాకూ తెలుసు. ముద్ర పడిపోతుందని భయం. స్కూలు రికార్డులు మన అనుమతి లేకుండా ఊరికే బయటికి ఇవ్వకూడదని ఇంకో చట్టం 1974 నుంచీ ఉంది. పైగా ఆర్డ్ అనే పేరులో మూడో అక్షరమే డిస్మిసల్, అవసరం తీరిన పిల్లలు బయటికి వచ్చేస్తారు. వీసా భయం ఇంకొకటి. స్కూల్లో సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డుకి దెబ్బ అని ఎవరో అంటారు. చదువు విషయంలో పిల్లల ఇమిగ్రేషన్ కాగితాలు చూసి బడి తలుపు మూయకూడదని సుప్రీంకోర్టు 1982లో తేల్చింది, అదీ టెక్సస్ కేసులోనే. బయట ప్రైవేట్ థెరపీ చేయిస్తున్నాం చాలు అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. చేయించండి, కానీ వారంలో ఐదు రోజులు పిల్లవాడు గడిపేది బళ్ళోనే.

ఇక "ఏదో కాస్త ఇస్తున్నారుగా" అనే సర్దుబాటు ఒకటుంది మనలో. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏడాది తర్వాత ఏడాది ఐఈపీలో అవే లక్ష్యాలు తిరగరాస్తుంటే తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. 2017 మార్చిలో కోర్టు ఒక్కమాటగా తీర్పిచ్చింది. నామమాత్రపు మెరుగుదల చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్లాన్ ఉండాలని. ఆ వాక్యాన్ని నేను కాగితం మీద రాసుకుని రెండో ఆర్డ్ మీటింగ్‌కి తీసుకెళ్ళాను.

ఆ రెండో మీటింగ్‌కి అక్క నా పక్కన కూర్చున్నారు. దుబాసీ ఫోనులో వచ్చాడు. పాపం, ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో గానీ గ్రాంథికం దంచాడు. "మీ కుమారుని వాక్ శక్తి మూల్యాంకనమునకు మీరు సమ్మతించుచున్నారా?" అంటే మా ఆయన నా వైపు తిరిగి "ఏమంటున్నాడు?" అని ఇంగ్లీషులో అడిగారు. అటువైపు వాళ్ళు కూడా నవ్వారు. కానీ ఆ నవ్వు తర్వాత గది తేలికపడింది. మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు, ఈసారి తెలుగు మాటలు లెక్కపెట్టారు. వారానికి ఒక్కసారి ఉన్న స్పీచ్ రెండు సార్లయింది, అందులో ఒకటి వాడొక్కడితో. అద్భుతాలేం జరగలేదు. ఐదేళ్ళు దాటిన మా వాడు ఇప్పుడు మూడు నాలుగు మాటల వాక్యాలు మాట్లాడతాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, కోపమొస్తే రెండూ. వాడి క్లాస్ టీచరు మొదటి ఏడాది ఒక అట్టముక్క మీద ఆరు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఐడీ కార్డు తాడుకి తగిలించుకుని తిరిగేది. నీళ్ళు, చాలు, ఇంకా, తియ్యి, బయటికి, అమ్మ. ఆవిణ్ణి ఆ పని చెయ్యమని ఏ ఐఈపీలోనూ రాయలేదు.

ఒక్క విషయం మాత్రం మింగుడుపడదు. మా ఇంట్లో ఒక జీతం నిలకడగా వస్తుంది, నాకు పగలు ఈమెయిళ్ళు రాసే తీరిక ఉంది. హైవే పక్కన గ్యాస్ స్టేషన్‌లో రెండు షిఫ్టులు చేసే ఒక తెలుగావిడ నాకు తెలుసు. ఆవిడ కూతురికి మా వాడికంటే ఎక్కువ అవసరం, మా వాడికంటే తక్కువ గంటలు వస్తున్నాయి. ఆర్డ్ మీటింగ్ పెట్టేముందు ఐదు స్కూలు రోజుల నోటీసు ఇస్తారు, వీలుకాకపోతే వేరే టైం అడగొచ్చు. ఆవిడ అడగదు. ఫోనులోనే సరే అనేస్తుంది, ఎందుకంటే కౌంటర్ దగ్గర లైను ఉంటుంది. డిస్ట్రిక్ట్ వెతికి పట్టుకోవాల్సింది ఆవిడ లాంటివాళ్ళని. నాలాంటి నస పెట్టేవాళ్ళు ఎలాగూ వెళ్ళి కూర్చుంటారు. మొన్న అక్టోబరులో ఆవిడతో పాటు నేనూ మీటింగ్‌కి వెళ్ళాను. పిల్ల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా రావచ్చు కదా. చేతిలో అక్క ఇచ్చిన ఫైలే, ఇప్పుడింకా లావైంది.

కిందటి వారం రాత్రి పదింటికి ఒక ఫోను. నంబరు తెలియదు. గొంతు చిన్న వయసు.

"అక్కా, మీకిలాంటివి తెలుసని ఎవరో చెప్పారు. నాకు కాదండీ, మా ఫ్రెండ్ వాళ్ళ బాబు గురించి. పేరు మాత్రం అడక్కండి."

"అడగనులే అమ్మా. వయసెంత?"

"రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఇంకా మాటలు రాలేదు. వాళ్ళ డాక్టరు ఈసీఐకి రాస్తానన్నాడంట, వీళ్ళే వద్దన్నారంట."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాలుగు నెలలు. వాళ్ళు ఇవాళ రాసినా నెలన్నర దాకా ఈసీఐ పరీక్షకే పోతుంది. ఇటువైపు డిస్ట్రిక్ట్ గడువు అప్పటికే నడుస్తుంటుంది.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు మీ ఫ్రెండ్ వాళ్ళు?"

అటువైపు కాసేపు మాట లేదు. వెనక స్టీలు గిన్నె ఏదో నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిన చప్పుడు, వెంటనే మళ్ళీ తిప్పిన చప్పుడు.

"తెలుగే... కానీ ఇప్పుడు ఇంగ్లీషులోకి మారుస్తున్నాం అక్కా."

"మార్చొద్దు. పెన్ను కాగితం దగ్గరున్నాయా? రెండు ఈమెయిళ్ళు చెబుతాను, రాసుకో. ఒకటి ఈసీఐకి, ఒకటి డిస్ట్రిక్ట్‌కి. పైన ఇవాళ్టి తారీఖు వెయ్యి."